లక్సెంబర్గ్ ఆఫీసులో ఎలా మెలగాలి: కొత్తగా ఉద్యోగానికి వెళ్లే తెలుగువారికి

లక్సెంబర్గ్‌లో ఉద్యోగం వచ్చిందంటే, మీ ఆఫీసులో లక్సెంబర్గ్ వాళ్లు తక్కువ మందే ఉండవచ్చు. ఈ దేశ విస్తీర్ణం 2,586 చదరపు కిలోమీటర్లు. జనాభా ఏడు లక్షలకు కాస్త తక్కువ, అందులో దాదాపు సగం మంది విదేశీ పౌరులు. వీరు కాక ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి రోజూ పొద్దున్నే సరిహద్దు దాటి వచ్చి, సాయంత్రం తిరిగి వెళ్లిపోయే ఉద్యోగులు రెండు లక్షలకు పైనే. మీ పక్క కుర్చీలో ఉన్న ఆవిడ ఫ్రాన్స్‌లోని మెట్జ్ నుంచి, ఎదుటి వ్యక్తి జర్మనీలోని ట్రియర్ నుంచి, మేనేజరు బెల్జియంలోని ఆర్లో నుంచి వచ్చి ఉండవచ్చు. ఐరోపాలోకెల్లా పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల కేంద్రం ఇదే కాబట్టి, హైదరాబాద్‌లో ఫండ్ అకౌంటింగ్, బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనులు చేసిన మనవాళ్లు కూడా ఇక్కడికి వస్తున్నారు.

ఇన్ని దేశాల వాళ్లు కలిసి పనిచేసే చోట ఒకే ఒక్క మర్యాదల పట్టిక పనికిరాదు. నేను గమనించినంతలో అందరూ పట్టించుకునేవి రెండు: ఎదుటివారి భాష, ఎదుటివారి సమయం. కింద రాసిన సలహాల్లో చాలా భాగం ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

బయలుదేరే ముందు

భారత పౌరులు నివాస అనుమతి పత్రం చేతికి వచ్చాకే ప్రయాణం పెట్టుకోవాలి. చేరుకున్న మూడు పనిదినాల లోపు మీరు ఉండబోయే ఊరి కమ్యూన్ (మన పురపాలక సంఘం లాంటిది) కార్యాలయానికి వెళ్లి రాక నమోదు చేయించుకోండి. ఆ తర్వాత వైద్య పరీక్ష, క్షయ పరీక్ష ఉంటాయి. నివాస కార్డు దరఖాస్తు మూడు నెలల లోపు పూర్తి చేయాలి. ఈ పనుల కోసం రెండు మూడు పూటలు సెలవు కావాలని చేరకముందే మేనేజరుకు రాసి పెట్టండి. అక్కడ అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. చెప్పకుండా మాయమైతే మాత్రం పడతారు.

ఉద్యోగ ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి. ఆలస్యమైనా చేరిన రోజుకల్లా సంతకాలు జరిగిపోవాలి. అది ఫ్రెంచిలో ఉంటే, అర్థం కాకుండా సంతకం చేయకండి. అనువాదం అడగడం అక్కడ అవమానకరం కాదు. ప్రొబేషన్ ఎంతకాలమో చూసుకోండి. అది రెండు వారాలకు తగ్గదు, సాధారణంగా ఆరు నెలలు మించదు. జీతం ఒక స్థాయి దాటితే ఏడాది వరకు పెట్టుకోవచ్చు. ఒకసారి ముగిశాక ప్రొబేషన్‌ను మళ్లీ పెట్టడం కుదరదు.

మొదటి రోజు, మొదటి పలకరింపు

పొద్దున ఆఫీసులో అడుగుపెట్టగానే కనిపించిన ప్రతి ఒక్కరికీ "మోయెన్" అనండి. ఇది లక్సెంబర్గిష్ పలకరింపు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎప్పుడైనా చెల్లుతుంది. ఫ్రెంచి వారికి "బోన్‌జూర్" అన్నా సరే. లిఫ్టులో ఎక్కినా, చిన్న దుకాణంలోకి వెళ్లినా, డాక్టరు దగ్గర వేచి ఉండే గదిలో కూర్చోబోయినా ముందు పలకరించాలి. మన ఆఫీసుల్లో తెలియనివారిని చూసి తల వంచుకుని వెళ్లిపోతే దాన్ని వినయం అనుకుంటారు. అక్కడ అదే పని చేస్తే ముఖం చాటేసినట్టు అనిపిస్తుంది. మనవాళ్లు ఎంతో మంచి మనసున్నా ముభావంగా ఉంటారన్న పేరు తెచ్చుకోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా నమ్మకం. సరిచేసుకోవడానికి ఒక్క మాట చాలు.

సమావేశానికి వెళితే గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఆడవారికీ మగవారికీ, కరచాలనం చేసి పేరు చెప్పండి. వెళ్లేటప్పుడు మళ్లీ అంతే. బాగా పరిచయమైన వాళ్లు చెంపకు చెంప ఆనించి మూడుసార్లు ముద్దు పెట్టుకుంటారు. మీరుగా మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇష్టం లేకపోతే ముందే చెయ్యి చాపండి, వాళ్లు అర్థం చేసుకుంటారు.

ఇంగ్లీషులో మాట్లాడుకునే ఆఫీసుల్లో మేనేజరునైనా పేరు పెట్టి పిలుస్తారు. "సార్", "మేడం" అని ప్రతి వాక్యానికీ తగిలించకండి. ఫ్రెంచిలో, జర్మన్‌లో, లక్సెంబర్గిష్‌లో మాత్రం మనకున్నట్టే మీరు, నువ్వు అనే తేడా ఉంది. ఎదుటివారు చనువు ఇచ్చేదాకా "మీరు" రూపాన్నే వాడండి. ఒకే వ్యక్తిని ఇంగ్లీషులో పేరుతో, ఫ్రెంచి ఈమెయిల్లో "మస్యూ", "మదాం" అని ఇంటిపేరుతో సంబోధించడం అక్కడ మామూలే.

దుస్తుల సంగతికి వస్తే, బ్యాంకులు, ఫండ్లు, న్యాయ సంస్థలు ఉండే కిర్ష్‌బర్గ్ ప్రాంతంలో సూటు, కోటు ఎక్కువ. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో అంత పట్టింపు ఉండదు. మొదటి రోజు కొంచెం పద్ధతిగా వెళ్లి, చుట్టూ చూసి సర్దుకోండి.

ఏ భాషలో మాట్లాడాలి

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. 1984 నాటి చట్టం ప్రకారం లక్సెంబర్గిష్ జాతీయ భాష. చట్టాలు ఫ్రెంచిలో రాస్తారు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఫ్రెంచి, జర్మన్, లక్సెంబర్గిష్ మూడూ చెల్లుతాయి. ఇక్కడి బడిలో చదివినవారు చాలాకాలంగా జర్మన్‌లో అక్షరాలు నేర్చుకుని, తర్వాత ఫ్రెంచి చేర్చుకుంటూ పెరిగారు. అందుకే ఒక లక్సెంబర్గ్ వ్యక్తి ఐదు నిమిషాల్లో ముగ్గురితో మూడు భాషల్లో మాట్లాడగలడు. దుకాణాల్లో, హోటళ్లలో ఫ్రెంచి నడుస్తుంది. విదేశీయుల్లో అతిపెద్ద సమాజం పోర్చుగీసు వారిది కాబట్టి నిర్మాణ పనుల చోట, వంటశాలల్లో ఆ భాష వినిపిస్తుంది. ఫండ్ల రంగంలో ఇంగ్లీషు బాగా చలామణి అవుతుంది.

ఆఫీసులో ఇలా చేయండి. సమావేశానికి పిలుపు రాగానే, ఏ భాషలో జరుగుతుందని నిర్వాహకులను అడగండి. ఫ్రెంచిలో అంటే ముందుగానే కాగితాలు తెప్పించుకుని చదువుకోండి. కూర్చున్నాక మాటలు అందకపోతే మొదటి కొద్ది నిమిషాల్లోనే, ఇంగ్లీషులో కొనసాగించగలరా అని మృదువుగా ఒకసారి అడగండి. గంటసేపు తల ఊపి, ఆఖర్న ఏమీ అర్థం కాలేదంటే అందరి గంటా వృథా అయినట్టే. ఒకరిద్దరికి ఇంగ్లీషు కష్టమైతే వాళ్లను వాళ్ల భాషలోనే మాట్లాడనివ్వండి. ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుని, ఎదుటివారిది అర్థం చేసుకునే సమావేశాలు అక్కడ వింత కాదు.

మీ ముందే ఇద్దరు సహోద్యోగులు లక్సెంబర్గిష్‌లోకి మారిపోతే మీ గురించే మాట్లాడుకుంటున్నారని అనుకోకండి. అది వాళ్ల ఇంటి భాష. అదే మర్యాద మన వైపు నుంచీ ఉండాలి. ఇద్దరు తెలుగువాళ్లు, ఒక పోర్చుగీసు సహోద్యోగి కాఫీ తాగుతుంటే, పని గురించిన మాటలు ముగ్గురికీ తెలిసిన భాషలోనే సాగాలి. మన సొంత కబుర్లకు సాయంత్రం ఎటూ ఉంటుంది.

వీలైనంత త్వరగా ఏదో ఒక భాష నేర్చుకోవడం మొదలుపెట్టండి. రోజువారీ అవసరాలకు ముందు ఫ్రెంచి మేలు. స్థిరపడాలనుకుంటే లక్సెంబర్గిష్ తప్పనిసరి, ఎందుకంటే పౌరసత్వానికి ఐదేళ్ల నివాసంతోపాటు ఆ భాషలో పరీక్ష కూడా పాసవ్వాలి. ఆ దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకుంటుంది, భారతదేశం ఒప్పుకోదు. ఇంట్లో కూర్చుని తీరిగ్గా మాట్లాడుకోవలసిన విషయం ఇది. లక్సెంబర్గిష్ నేర్చుకునే ఉద్యోగులకు మొత్తం మీద 200 గంటల వరకు ప్రత్యేక భాషా సెలవు ఉంది. ఒకే సంస్థలో ఆరు నెలలు పనిచేశాక అడగవచ్చు. యజమాని ఇచ్చే ఆ జీతంలో సగం ప్రభుత్వం భరిస్తుంది. కాబట్టి అడగడానికి మొహమాట పడకండి. ఐఎన్ఎల్ఎల్ అనే జాతీయ భాషా సంస్థలో తరగతులు నడుస్తాయి, సీట్లు త్వరగా నిండుతాయి.

సమయం: మీది, వాళ్లది

తొమ్మిదిన్నర సమావేశానికి తొమ్మిది ఇరవై ఐదుకే ఉండండి. ఆలస్యమవుతుందని తెలిసిన క్షణాన సందేశం పంపండి. రోడ్ల రద్దీ చెప్పి తప్పించుకోవడం కుదరదు. ఫ్రాన్స్ నుంచి వచ్చే ఏ31 రహదారి ఎంత కిక్కిరిసి ఉంటుందో అందరికీ తెలుసు, దాన్ని లెక్కలో వేసుకునే ఇంట్లోంచి బయలుదేరతారు.

అసలు సూక్ష్మం సాయంత్రం మొదలవుతుంది. సహోద్యోగికి ఐదు గంటల తర్వాత ఫ్రాన్స్‌లోని తియోన్‌విల్‌కో మెట్జ్‌కో రైలు ఉంటుంది. అది తప్పితే పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునే వేళ దాటిపోతుంది. నాలుగున్నరకు "ఒక్క పది నిమిషాలు" అని కొత్త చర్చ ఎత్తకండి. ముఖ్యమైన సమావేశాలను తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర మధ్యనో, రెండు నుంచి నాలుగు మధ్యనో పెట్టండి. హైదరాబాద్ జట్టుతో కలిసి పనిచేసేవారికి ఇది ఇంకా ముఖ్యం. వేసవిలో తేడా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. లక్సెంబర్గ్‌లో పొద్దున తొమ్మిదంటే హైదరాబాద్‌లో వేసవిలో పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. కాల్ పొద్దున పెట్టుకుంటే రెండు వైపులా ఇల్లు, పిల్లలు, భోజనం చెడవు. లక్సెంబర్గ్‌లో సాయంత్రం నాలుగుకు పెడితే మన హైదరాబాద్ జట్టువాళ్లు రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో కూర్చోవాలి. అక్కడికి వెళ్లిన మనవాళ్లే ఈ విషయంలో హైదరాబాద్ తరఫున నోరు విప్పాలి. వాళ్ల సాయంత్రాల విలువ మనకు తెలిసినంతగా ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

"రేపు ఇంటి నుంచే చేసేయండి" అని సరిహద్దు అవతల ఉండే సహోద్యోగికి తేలిగ్గా చెప్పకండి. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీలతో ఉన్న ఒప్పందాల ప్రకారం వాళ్లు తమ దేశంలో కూర్చుని పనిచేసే రోజులు ఏడాదికి 34 దాటితే, ఆ రోజుల జీతంపై పన్ను సొంత దేశంలో కట్టాల్సి వస్తుంది. ఆ రోజులను వాళ్లు జాగ్రత్తగా లెక్కపెట్టుకుంటారు. ఇంటి నుంచి చేయననడం బద్ధకం కాదు.

పని వేళలు సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 40. ఓవర్‌టైముతో కలిపినా రోజుకు 10, వారానికి 48 దాటకూడదు. ఆదివారం పని మామూలుగా నిషేధం. పని వేళలు దాటాక ఫోనుకూ మెయిలుకూ దూరంగా ఉండే హక్కును 2023లో చట్టంలో చేర్చారు. రాత్రి పది గంటలకు మెయిల్ పంపితే మీ నిబద్ధతను ఎవరూ మెచ్చుకోరు. పనిని సర్దుకోవడం రాలేదేమో అని అనుమానిస్తారు. రాత్రే రాయాలనిపిస్తే రాసి పెట్టుకుని, పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్లేలా అమర్చండి.

సెలవుల క్యాలెండరు కూడా చూసుకోండి. ఏడాదికి 11 ప్రభుత్వ సెలవులు. వాటిలో మే 9 ఐరోపా దినం, జూన్ 23 జాతీయ దినం. అసెన్షన్ పండుగ ఎప్పుడూ గురువారమే వస్తుంది కాబట్టి మర్నాడు సగం ఆఫీసు ఖాళీ. జూలై 14న ఫ్రాన్స్‌లో, జూలై 21న బెల్జియంలో, అక్టోబరు 3న జర్మనీలో సెలవు. ఆ రోజుల్లో లక్సెంబర్గ్ ఆఫీసులు తెరిచే ఉంటాయి, కానీ అవతలి దేశాల ఖాతాదారులు దొరకరు. ఆగస్టులో పెద్ద నిర్ణయాలేవీ ఆశించకండి.

"కుదరదు" అని చెప్పడం

ఇది మనవాళ్లు నేర్చుకోవలసిన వాటిలో అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే అవసరమైనది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన మనకు, గురువారానికి అవుతుందా అని మేనేజరు అడిగితే "అవుతుందండి" అనేదే నోటికి వస్తుంది. లోపల సోమవారం దాకా కాదని తెలిసినా అంటాం. ఫండ్ల పనిలో రోజువారీ నికర విలువ లెక్క (ఫండ్ యూనిట్ ధర తేల్చేది) ఆలస్యమైతే అది మదుపుదారుల దాకా, సీఎస్ఎస్ఎఫ్ అనే నియంత్రణ సంస్థ దాకా వెళ్లగలదు. అక్కడ మాటిచ్చి తప్పడం కంటే మొదటే కాదనడం గౌరవం.

అలాగని గోడకు కొట్టినట్టు కాదనవద్దు. వరుస ఇలా ఉండనివ్వండి. ముందు, పని మొత్తం ఏమిటో మీకు అర్థమైన రీతిలో తిరిగి చెప్పండి. తర్వాత గురువారానికి ఏ భాగం అవుతుందో, మిగతాది ఏ తేదీకి అవుతుందో చెప్పండి. గురువారమే కావాలంటే ఏ పని పక్కన పెట్టాలో అడగండి. అదే సాయంత్రం రెండు వాక్యాల మెయిల్ రాయండి. మధ్యలో ఏదైనా తేడా వస్తే తేదీ రాకముందే చెప్పండి. ఇలా రెండుమూడు సార్లు చేస్తే మీ మాటకు విలువ వస్తుంది. అది పదోన్నతిలో కనిపిస్తుంది.

అభిప్రాయ భేదాన్ని కూడా గదిలోనే చెప్పవచ్చు, గొంతు పెంచకుండా. 1970ల ఉక్కు సంక్షోభం నుంచీ ఆ దేశంలో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒప్పందానికి రావడం ఆనవాయితీ. ఆ తీరు చిన్న ఆఫీసుల్లోనూ కనిపిస్తుంది: అందరినీ వింటారు, నెమ్మదిగా ఒక నిర్ణయానికి వస్తారు, వచ్చాక దానికి కట్టుబడతారు. నిర్ణయమైపోయాక వేరుగా వెళ్లి మేనేజరు చెవిలో మార్పులు అడగడం నచ్చదు. 15 మంది, ఆపైన ఉద్యోగులున్న చోట సిబ్బంది ప్రతినిధులు ఉంటారు. వాళ్లెవరో మొదటి నెలలోనే తెలుసుకోండి. ఉద్యోగుల తరఫున మాట్లాడే సంస్థ అయిన ఉద్యోగుల చాంబర్ ఎన్నికల్లో విదేశీయులకూ, సరిహద్దు దాటి వచ్చేవారికీ ఓటు ఉంది. ఆ ఓటు మీది, వాడుకోండి.

మెయిళ్లలో "తగిన చర్య తీసుకోగలరు" అనే అర్థం వచ్చే మన ఆఫీసు ఇంగ్లీషు వాక్యాలను వదిలేయండి. ఎవరు, ఏమి, ఎప్పటికి చేయాలో రాస్తే చాలు.

మధ్యాహ్న భోజనం

పన్నెండు, రెండు మధ్య భోజనం. ఆ వేళ కాల్స్ పెట్టకండి. డెస్కు దగ్గర ఒంటరిగా తినడం మానేసి, వారానికి రెండుసార్లయినా నలుగురితో కలిసి వెళ్లండి. సమావేశాల్లో చెప్పని సంగతులు భోజనాల దగ్గర తెలుస్తాయి. తింటున్నవారిని దాటి వెళుతూ "బోనపెతి" అనడం మర్యాద. ఇంటి నుంచి తెచ్చుకుంటే సాంబారైనా, గోంగూరైనా నిశ్చింతగా తినండి. మైక్రోవేవ్‌లో మూత పెట్టి వేడిచేసి, లోపల తుడిచి, కిటికీ కాస్త తీసి ఉంచితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

శాకాహారులైతే "శాకాహారం" అన్న ఒక్క మాటతో ఆగకండి. మాంసం, చేప, గుడ్డు, ఏది తినరో విడివిడిగా చెప్పండి. చిక్కుడుకాయల సూపు బూనెష్లుప్‌లో, పిండి ఉండలు క్నిడ్డెలెన్‌లో పంది మాంసం ముక్కలు వేయడం మామూలు. ఇక పొగబెట్టిన పంది మెడ మాంసం, చిక్కుడు గింజలు కలిసిన వంటకాన్నే జాతీయ వంటకంగా చెప్పుకుంటారు. మద్యం తాగకపోతే నీళ్ల గ్లాసు ఎత్తినా సరే. గ్లాసులు తగిలించేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడాలి.

ట్రామ్‌లో నోరు అదుపులో పెట్టుకోవడం

2020 నుంచి దేశమంతటా బస్సులు, ట్రామ్‌లు, రైళ్లలో రెండో తరగతి ఉచితం. ఇప్పుడు ట్రామ్ విమానాశ్రయం నుంచి కిర్ష్‌బర్గ్ మీదుగా రైల్వే స్టేషన్ దాటి వెళుతుంది. మీ ఖాతాదారు, మీ పోటీ సంస్థ మేనేజరు, మీ ఆడిటరు అందరూ అదే ట్రామ్ ఎక్కుతారు. ఖాతాదారుల పేర్లు, మొత్తాలు ఫోనులో గట్టిగా చెప్పకండి. తెలుగులో చెప్పినా పేర్లు, అంకెలు ఇంగ్లీషులోనే వినిపిస్తాయి. 1993 నాటి ఆర్థిక రంగ చట్టం ప్రకారం వృత్తి రహస్యం కాపాడటం న్యాయపరమైన బాధ్యత కూడా.

పాత సంస్థ గురించి చెడుగా మాట్లాడకండి. అక్కడి మనుషుల్లో ఎవరో ఒకరు రేపటి ఇంటర్వ్యూలో బల్లకు అవతల కూర్చుని ఉంటారు. జీతం ఎంత, అద్దె ఎంత, పెళ్లయిందా అని అడగడం మన దగ్గర ఆప్యాయత. అక్కడ కొత్త పరిచయంలో అడిగితే ఇబ్బంది పడతారు. వాతావరణం, సెలవు ప్రయాణాలు, మొసెల్ లోయ ద్రాక్షతోటలు, ఆగస్టు చివర మొదలయ్యే షూబర్‌ఫోర్ జాతర గురించి మాట్లాడండి. 1340లో మొదలైన ఆ జాతర గురించి అడిగితే లక్సెంబర్గ్ వాళ్ల ముఖం వెలిగిపోతుంది.

ఒంట్లో బాగాలేకపోతే, సెలవు కావాలంటే

జబ్బు చేస్తే అదే రోజు యజమానికి తెలియజేయాలి. మూడో రోజుకల్లా డాక్టరు ధ్రువపత్రం చేరాలి. ఈ రెండూ చేస్తే చట్టం మీకు రక్షణగా ఉంటుంది. జ్వరంతో ఆఫీసుకు వచ్చి అందరికీ అంటించడాన్ని ఎవరూ త్యాగంగా చూడరు.

వార్షిక సెలవు కనీసం 26 పనిదినాలు. సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో మూడు వారాలు ఊరికి వెళ్లాలంటే నాలుగైదు నెలల ముందే అడగండి, విమాన టికెట్లు కొనకముందే. బడి సెలవులప్పుడు పిల్లలున్నవారికి ప్రాధాన్యం దక్కుతుంది. క్రిస్మస్‌కు ఆఫీసు చూసుకుంటానని మీరే ముందుకు వస్తే, జనవరిలో మీ సంక్రాంతి సెలవుకు అందరూ సంతోషంగా ఒప్పుకుంటారు. సెలవులో ఉన్నప్పుడు మీ పని ఎవరు చూస్తారో మెయిల్ స్వయంజవాబులో రాసి, నిజంగా సెలవు తీసుకోండి. సెలవులు మిగుల్చుకోవడం గొప్ప కాదు. ఊళ్లో అమ్మానాన్నల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్ తెరవకండి.

ఇంటికి పిలిస్తే

పిలుపు రావడానికి నెలలు పట్టవచ్చు. వచ్చిందంటే మిమ్మల్ని దగ్గరివారిగా చూస్తున్నట్టే. చెప్పిన వేళకు, మహా అయితే ఐదు నిమిషాలు అటూఇటుగా వెళ్లండి. చెప్పకుండా ఇంకొకరిని వెంట తీసుకెళ్లకండి. మంచి చాక్లెట్లో పూలో పట్టుకెళ్లండి. చామంతులు మాత్రం వద్దు. మనకు అవి పూజకూ పేరంటానికీ శుభమైనవే అయినా, అక్కడ నవంబరు 1న సమాధుల మీద పెట్టే పూలు అవి. మర్నాడు ధన్యవాదాలు తెలుపుతూ ఒక సందేశం పంపండి. ఆ తర్వాత మీరూ పిలవండి. పులిహోర, గారెలు పెడితే ఆనందంగా తింటారు, కారం ఎంతో ముందే చెప్పండి.

ఉద్యోగం మారేటప్పుడు

ముందు మీ నివాస అనుమతి ఏ రంగానికి, ఏ వృత్తికి పరిమితమో చూసుకోండి. మొదటి ఏడాది ఈ పరిమితి ఉంటుంది. తర్వాత మేనేజరుకు ముఖాముఖి చెప్పి, రాజీనామా లేఖను రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. లేదా చేతికిచ్చి, అందినట్టు నకలు మీద సంతకం తీసుకోండి. ఐదేళ్ల లోపు సర్వీసుకు నోటీసు ఒక నెల. 15వ తేదీకి ముందు ఇస్తే 15 నుంచి, 15న గానీ ఆ తర్వాత గానీ ఇస్తే వచ్చే నెల 1 నుంచి లెక్క మొదలవుతుంది. ఒక్క రోజు ఆలస్యంతో రెండు వారాలు పోవచ్చు కాబట్టి తేదీ చూసి ఇవ్వండి.

వెళ్లేవారే సహోద్యోగులకు చిన్న విందు ఇవ్వడం అక్కడి ఆచారం. కేకో, మన మిఠాయిలో తెచ్చి నాలుగు గంటలకు పిలవండి, రైళ్ల వేళకు ముందే. చివరి లెక్కల కాగితం ఇస్తే చదివి, తేదీ వేసి సంతకం చేయండి. తప్పు కనిపిస్తే అభ్యంతరం తెలపడానికి మూడు నెలల గడువు ఉంటుంది. ఏ ఫైలు ఎవరికి అప్పగించారో, ఏది ఎక్కడ ఆగిందో రాసిన పట్టికను ఆఖరి రోజుకు కనీసం వారం ముందే పనిని అందుకునేవారికి ఇవ్వండి. అప్పుడు వాళ్లు అడగవలసినవి మీరు అక్కడ ఉండగానే అడగగలుగుతారు.